వానరం లోపలి మనిషి

అనాథ వానరాన్ని ఒక మనిషి సాకే ఆ ఆర్ట్ సినిమా పోస్టర్ నిండా హీరో మొహమే ఉంటుంది. వానరం బొచ్చుతొడుగులో దూరి చెమటోడ్చినవాడు మాత్రం ఇదిగో, ఇతను. షూటింగ్ ముగిసి నెలలైనా నడుము ఇంకా నిటారుగా నిలవదు. కుర్చీ మీద గొంతుక్కూర్చుని, కాఫీ కప్పును రెండు చేతులా పట్టుకుని, ముందు వాసన చూసి మరీ తాగుతాడు. "మనిషిలా కూర్చోరా," అని తల్లి రోజూ అంటుంది. "అలవాటైపోయిందమ్మా," అంటూ కాళ్లు దించుతాడు. కాసేపటికి అవి మళ్లీ పైకే వస్తాయి. ఆకలేస్తే ఎడమ చెవి తమ్మె నులుముకోవడం ఒక్కటే చిన్నప్పటి నుంచీ ఉన్న సొంత అలవాటు.

మొదటి ఆటకు తల్లిని వెంటబెట్టుకెళ్లాడు. అంత బొచ్చులో తనను పోల్చుకుంటుందో లేదోనని, సినిమా మానేసి ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాడు. సాకినవాడు తలుపేసి వెళ్లిపోయే ఘట్టంలో వానరం కిటికీ దగ్గర చేరి, మెల్లగా ఎడమ చెవి తమ్మె నులుముకుంది. హాలంతా ముక్కులు చీదింది. తల్లి మాత్రం కొడుకు వైపు వంగి, "ఆ రోజు నీకు తిండి పెట్టలేదేంట్రా వాళ్లు," అని గొణిగింది. అవతలి సీటావిడ కళ్లొత్తుకుంటూ, "పాపం, తల్లి లేని పిల్ల," అంది.

"లేకేమమ్మా," అంది తల్లి ఆవిడ వైపు తిరిగి. "ఇక్కడే ఉన్నానుగా."