హారతి వద్దన్న కారు

మా చెల్లెల్ని తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురావాల్సిన వారమంతా నేను కారు బానెట్టు కింద తల దూర్చి గడిపాను. నిజం చెప్పాలంటే ఒక టాక్సీ మాట్లాడుకుంటే సరిపోయేది. అమ్మ ఆ మాట మూడుసార్లు అన్నది. నేను వింటేనా? నాది చిన్నప్పటి నుంచీ మొండి రకం. పైగా లోపల ఇంకో పురుగు తొలుస్తూ ఉండేది. పాత కారు ఇంజనుకు కరెంటు ఫ్యాను పెడితే అది ఎట్లా పనిచేస్తుందో నా చేతులతో చేసి చూడాలని.

మాది వడమాలపేట. మోటార్లకు వైండింగ్ కట్టే చిన్న అంగడి నాది. బోరు మోటారు, మిక్సీ, టేబుల్ ఫ్యాను, చుట్టుపక్కల ఏది కాలిపోయినా నా దగ్గరికే వస్తుంది. కారు మా నాయనది. ముప్పై ఏళ్ళు తిరుపతి స్టాండులో యాత్రికులకు బాడుగకు తిప్పాడు. ఆయన పోయినాక అందరూ అమ్మెయ్యమన్నారు. నాకు మనసొప్పలేదు.

చెల్లెలి అత్తగారిది చిత్తూరు. అయిదో నెలలో చెల్లెలు అమ్మను చూసిపోదామని వచ్చింది. తిరిగి దిగబెట్టడానికి నేనే కారు తీశాను. అది మార్చి నెల. చంద్రగిరి దాటినాక రోడ్డు పని జరుగుతోంది. బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి అంగుళం అంగుళం జరుగుతున్నాయి. మా కారుకు రేడియేటరును చల్లబరిచేది ఇంజనుతో పాటు బెల్టు మీద తిరిగే పాతకాలపు ఫ్యాను. ఇంజను మెల్లగా తిరిగితే అదీ మెల్లగానే తిరుగుతుంది. చూస్తుండగానే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది, బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. ముప్పావుగంట మా చెల్లెలు ఎండలో రోడ్డు పక్కన నిలబడింది. వాంతి చేసుకుంది, కళ్ళు తిరిగి కంకర కుప్ప మీద కూలబడింది. నీళ్ళడిగింది. ఉన్న రెండు సీసాల నీళ్ళూ అప్పటికే నేను రేడియేటరు మీద పోసేసి ఉన్నాను. కడుపుతో ఉన్న పిల్లకు గుక్కెడు నీళ్ళు మిగల్చాలనే ఆలోచన కూడా రాలేదు నాకు. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఆ సంగతి తెలిశాక చెల్లెలి అత్త ఫోను చేసింది. "కాన్పు ఈడనే చేసుకుంటాంలే నాయనా. మీ అమ్మనే ఈడికి రమ్మను" అన్నది. మర్యాదగానే అన్నది గానీ, తొలి కాన్పు పుట్టింట్లో జరగలేదంటే అమ్మ నలుగురిలో తలెత్తుకోలేదు. రెండు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు. నెల రోజులు బతిమాలితే వాళ్ళత్త మెత్తబడింది. ఏడో నెలలో పంపిస్తామన్నది. టాక్సీలో తెస్తామంటే ఎదురు చెప్పేది కాదు. కానీ మాట పడింది నా కారు కదా. ఆ మాట నా కారుతోనే చెరిపెయ్యాలని నా పంతం. "కారు బాగుచేస్తా ఉండానత్తా. ఇంక వేడెక్కితే నన్నడుగు, గ్యారంటీ" అన్నాను. చెల్లెలితోనూ అదే చెప్పాను. ఆ వారంలో ఆ మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. చెల్లెలు ప్రతిసారీ "సరేన్నా" అని ఊరుకునేది.

ఫ్యాను కోసం తిరుపతిలో పాత కార్ల సామాన్లు అమ్మే అంగడికి పోయాను. అట్లాంటి చోట నన్ను వదిలిపెడితే పూట గడిచిపోతుంది. ప్రతిదీ చేతిలోకి తీసుకుని తిప్పి చూడాల్సిందే. అంగడాయన నన్ను వింతగా చూస్తూ కూర్చున్నాడు. చివరికి మా రేడియేటరు కొలతకు సరిపోయే ఫ్యాను ఒకటి దొరికింది. దాని మోటారు నుంచి రెండు వైర్లు వచ్చాయి. రెండూ నలుపే. ఒకదాని మీద మాత్రం అరిగిపోయిన నీలి గీత.

"వీటిలో ఏది ప్లస్సన్నా?" అని అడిగాను.

"ఎట్లిచ్చినా తిరుగుతాది పోప్పా" అన్నాడాయన.

నిజమే కదా అనుకున్నాను. ఇంట్లో సీలింగు ఫ్యానుకు ఉన్న రెండు వైర్లు అటూ ఇటూ మార్చినా అది ఒక పక్కకే తిరుగుతుంది. జీవితమంతా వాటితోనే కదా నా బతుకు. ఇంకో ప్రశ్న వెయ్యకుండా దాన్ని చంకన పెట్టుకుని వచ్చేశాను.

పాత ఫ్యాను ఊడదీసి, రేడియేటరు వెనక, ఇంజనుకూ దానికీ మధ్య కొత్తదాన్ని బిగించాను. బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టాను. చిన్న స్విచ్చు ఏదైనా అంత కరెంటు మొయ్యలేదు, కరిగిపోతుంది. అందుకని రిలే. చిన్న కరెంటు వచ్చి తలుపు తడితే లోపల పెద్ద కరెంటుకు దారి వదిలే డబ్బా అది. నీళ్ళు వేడెక్కితే దానంతటదే కలిసే స్విచ్చు ఒకటి రేడియేటరు కింద బిగించాను. మొదటిసారి కరెంటు ఇవ్వగానే ఫ్యూజు టప్పుమని పోయింది. ఆగి ఉన్న ఫ్యాను కదలడానికి, తిరుగుతున్నప్పటికన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. మోటార్ల మనిషినై ఉండి అది మరిచినందుకు నన్ను నేనే తిట్టుకుని, పెద్ద ఫ్యూజు వేశాను.

తర్వాత ఇంజను తిరగనిచ్చి, ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ముల్లు మెల్లగా పైకి పోతోంది. సగం దాటింది. ఎవరూ ముట్టుకోకుండానే రిలే టిక్కుమన్నది, ఫ్యాను గిర్రున లేచింది. చెప్తే నవ్వుతారేమో గానీ నాకు ఒళ్ళు పులకరించింది. రేడియేటరు ముందున్న జాలీకి చెయ్యి అడ్డం పెట్టాను. వేడి గాలి అరచేతికి కొట్టింది. మొహం పెట్టాను. మొహానికీ కొట్టింది. లోపలి వేడి బయటికొస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. పది నిమిషాలకు ముల్లు దిగింది, ఫ్యాను ఆగింది.

నాలుగు రోజులు పరీక్షించాను. మార్చిలో కారు మరిగింది ట్రాఫిక్కులో కదా, అందుకని తిరుపతి బస్టాండు దగ్గరే తిప్పాను, ఆటోల మధ్యన, మిట్టమధ్యాహ్నం, కావాలనే. ముల్లు సగం దాటి పైకి పోలేదు. నేను భుజాలు ఎగరేసుకుంటూ ఇంటికొచ్చి చెల్లెలికి మళ్ళీ ఫోను చేశాను.

శుక్రవారం పొద్దున బయలుదేరాలి. మా ఇంట్లో కారు దూరం పోయే ముందు అమ్మ హారతి ఇస్తుంది. నాయన ఉన్నప్పటి నుంచీ అంతే. ఆగి ఉన్న బండికి హారతి ఇవ్వకూడదని ఆమె నియమం, ఇంజను తిరుగుతూనే ఉండాలి. ఆరోజు నేను మరీ సంబరపడి, ఫ్యాను లేచేదాకా ఇంజనును తిరగనిచ్చి అప్పుడు అమ్మను పిలిచాను. నా పనితనం ఆమె చూడాలి కదా.

అమ్మ జాలీకి పసుపు కుంకుమ పెట్టి, పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఎత్తింది. వెంటనే మొహం పక్కకు తిప్పుకుని దగ్గింది.

"పొగంతా నా మొగం మీదికే వస్తా ఉండాది. బండి హారతి వద్దంటా ఉండాదిరా" అన్నది.

నాకు చుర్రుమని కోపం వచ్చింది. "బయల్దేరేటప్పుడు శకునాలు మొదలుపెట్టొద్దమ్మా."

"శకునం కాదురా. ముప్పై ఏండ్లుగా ఇస్తా ఉండా. ఎప్పుడూ మంట అటు పక్కకు, బండి లోపలికి వంగేది. బండి తీసుకుంటా ఉండాదిలే అని నాకు నెమ్మదిగా ఉండేది. ఇప్పుడు సూడు, యాడికి వంగింది?"

చూశాను. కర్పూరం మంట అమ్మ మీదికి వంగి ఉంది. ఆమె పళ్ళెం ఎటు జరిపినా ఆమె వైపే వంగుతోంది. అప్పుడు తట్టింది.

కారు ముందుకు పోతుంటే గాలి ముందు నుంచి లోపలికి రావాలి. నా ఫ్యాను లోపలి నుంచి ముందుకు ఊదుతోంది. ఆగి ఉన్నప్పుడు, ఆటోల మధ్యన పాకుతున్నప్పుడు ఎదురుగాలి లేదు కాబట్టి ఎటు ఊదినా రేడియేటరు చల్లబడింది. చిత్తూరు రోడ్డు మీద వేగం అందుకున్నాక వచ్చే గాలీ పోయే గాలీ రేడియేటరు దగ్గర ఢీకొని నిలబడిపోతాయి. ఏ కారూ మరగని వేగంలో నా కారు మరుగుతుంది. మే నెల ఎండలో, ఏడు నెలల కడుపుతో ఉన్న చెల్లెల్ని ఎక్కించుకుని అందులో వచ్చేవాణ్ణి.

ఇంజను ఆపి అరుగు మీద కూర్చుండిపోయాను.

రైతులు వచ్చి బోరు నీళ్ళు సన్నగా పోస్తోందని చెప్తే నేను చూడకుండానే చెప్తాను, మోటారు ఎదురు తిరుగుతోంది, రెండు ఫేజులు మార్చుకో అని. ఎదురు తిరిగినా నీళ్ళు కొద్దిగా వస్తాయి కాబట్టి వాళ్ళకు అనుమానం రాదు. ఎన్నిసార్లు విసుక్కున్నానో వాళ్ళను, ఆ మాత్రం తెలియదా అని. నాకేం తెలిసింది మరి? బ్యాటరీ కరెంటుకు వైరు మారిస్తే దిక్కు మారుతుందని పుస్తకంలో చదువుకున్నవాణ్ణే. ఫ్యాను అంటే ఎదురుగా నిలబడ్డవాడికి గాలి కొట్టాలి, అంతే నా బుర్రలో ఉన్నది. గాలి కొట్టింది, మురిసిపోయాను.

"ఏమయిందిరా?" అన్నది అమ్మ.

చెప్పాను. ఆమెకు ఫేజులూ వైర్లూ అర్థం కాలేదు గానీ నా మొహం అర్థమైంది. "టాక్సీ మాట్లాడుకోరా నాయనా" అన్నది, నాలుగోసారి.

వైర్లు మార్చడానికి అయిదు నిమిషాలు పట్టింది. నీలి గీత వైరును అటు, రెండోదాన్ని ఇటు. ఫ్యాను లేచింది. ఒక పాత పేపరు ముక్క జాలీ దగ్గర పెట్టాను, లోపలికి లాగి అతుక్కుంది. అమ్మ మళ్ళీ కర్పూరం వెలిగించింది. మంట లోపలికి వంగింది. "ఇప్పుడు తీసుకునింది" అని ఆమె కళ్ళకు అద్దుకుంది. ఆమె పని అయిపోయింది. నా పని కాలేదు. నాలుగు రోజులు గట్టిగా నమ్మింది తప్పయితే, ఇప్పుడు నమ్మేదాంట్లో ఏం తప్పుందో నాకెట్లా తెలుస్తుంది?

ఒక్కణ్ణే బయలుదేరాను. రోడ్డు కన్నా ముల్లునే ఎక్కువ చూశాను. చంద్రగిరి దాటాక మార్చిలో ఆగిన చోట మంచి తారు పడి ఉంది. వేగం పెంచాను, తగ్గించాను, పక్కన ఆపి ఇంజను ఆపకుండా పావుగంట నిలబెట్టాను. ముల్లు సగం దగ్గరే ఉంది. చిత్తూరు చేరేసరికి పదకొండు దాటింది.

వాళ్ళత్త వాకిట్లోనే ఉంది. చెల్లెలు నడుం మీద చెయ్యి పెట్టుకుని బయటికి వచ్చి, నన్నూ కారునూ చూసింది.

"వేడెక్కదు కదన్నా?" అన్నది.

వచ్చేటప్పుడు ఎక్కలేదు. ఎక్కదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అత్త వింటోంది. నిజం చెప్తే ఆమె పిల్లను పంపదు, అమ్మ ఇంటి దగ్గర గది కడిగి మంచం వేసి కూర్చుని ఉంది. అంతా తెలుసు. అయినా ఎక్కదు అనడానికి నోరు రాలేదు.

"తెలీదుమ్మా" అన్నాను. "పొద్దున దాకా తప్పుగా తిరుగుతా ఉండె. నాకే తెలీలేదు. అమ్మ హారతి ఇస్తే బయటపడింది. మార్చినాను. వచ్చేటప్పుడు బాగుండాది. పొయ్యేటప్పుడు ఎండ ఇంకా ఎక్కువ, ఎట్లుంటాదో చెప్పలేను. నీళ్ళు పది సీసాలు పెట్టుకోని వచ్చినా. నీకు భయంగా ఉంటే టాక్సీ పిలుస్తా, నేను వెనకాల వస్తా."

అత్త, నీ ఇష్టం అన్నట్టు, కోడలి వైపు చూసింది. చెల్లెలు నా దగ్గరికి వచ్చి, నా చేతికంటిన గ్రీజును తన కొంగుతో తుడిచింది.

"నువ్వు ఫోన్లో ఎక్కదు, ఎక్కదు అన్నప్పుడల్లా నాకు చానా భయమేసిందన్నా. నువ్వొస్తే ఏదో ఒకటి చెప్పి రాను అనేద్దామనుకుంటి" అన్నది. "ఒక అర్ధగంట కూర్చో. బట్టలు ఇంకా సర్దుకోలేదు. ఇప్పుడు సర్దుకుంటా."