అడ్డుదిమ్మలు తీసింది నేనే

ఆ రోజు చక్రాల కింద నుంచి అడ్డుదిమ్మలు తీసింది నేనే. ఈ ఒక్క మాట ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడే చెప్పి ఉంటే ఇప్పుడిదంతా రాయవలసిన పని ఉండేది కాదు. చెప్పలేదు. అబద్ధమాడావా అంటే ఆడలేదు. నన్నెవరూ సూటిగా అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పకపోతే తప్పేమిటని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ మాట ఇప్పుడు నాకే వినబుద్ధి కావడం లేదు.

పరాయి దేశంలో, తువాస్ అనే పారిశ్రామికవాడలో ట్రైలర్లు తయారుచేసే, బాగుచేసే షెడ్డులో మా పని. నేను అనకాపల్లి వైపు నుంచి వచ్చాను. నా జోడీగా పనిచేసినాయన నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, కరీంనగర్ వైపు మనిషి. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. డార్మిటరీలో ఒకే గది, పనికి ఒకే లారీ, వంట వంతులవారీగా. నన్ను ఆటపట్టించకపోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు. నా వంతు రోజున పప్పులో ఇంగువ వేస్తే గదంతా వినేలా, "మీ కోస్తోళ్ళు పప్పు వండుతరా, పూజ చేస్తరా?" అనేవాడు. నేను తెలంగాణ పచ్చిపులుసు మీద ఏదో ఒకటి తిప్పికొట్టేవాణ్ణి. ఆ మాటల మధ్యే కూర అయిపోయేది.

నగరంలోనే వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ప్రకటనలు తీసే సంస్థ ఒకటి ఒక చిన్న క్యాంపర్ ట్రైలర్ తెప్పించుకుంది. షూటింగులకు లాక్కెళ్ళి అందులో మేకప్ వేసుకుంటారు. లారీ నుంచి విప్పాక ట్రైలర్‌కు మిగిలేవి రెండే చక్రాలు. ముందుభాగం నేలమీదికి ఒరిగిపోకుండా, లారీకి తగిలించే కొక్కెం పక్కన నిలువుగా ఒక జాకీ ఉంటుంది. ఆ కొసను మేము మూతి అనేవాళ్ళం. పాత జాకీ పిడి పట్టుకుని చేత్తో తిప్పేది. మేకప్ చేసే అమ్మాయిలకు ఆ పిడి తిప్పడం ప్రాణసంకటంగా ఉండేదట. మీట నొక్కితే లేచే ఎలక్ట్రిక్ జాకీ పెట్టమని మా దగ్గరకు పంపారు.

కష్టమైన పనేమీ కాదు. అన్న పొద్దున్నే ట్రైలర్‌ను బేలో, అంటే బండి పెట్టి పనిచేసే చోట, నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రబ్బరు అడ్డుదిమ్మలు దిగ్గొట్టాడు. మూతిని స్టాండు మీద ఆనించి పాత జాకీ బోల్టులు విప్పాం. ఒకటి తుప్పు పట్టి చచ్చినా కదలలేదు, నూనె పోసి టీ తాగి వచ్చాక కదిలింది. కొత్త జాకీ దించి, దాని ఎర్తు చట్రం ద్వారానే పోవాలి కాబట్టి బోల్టులు కూర్చునే చోట రంగు గీకేశాను. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా తీగ లాగింది అన్న. మీట నొక్కితే మోటారు చిన్నగా మూలిగి కాలు కిందికి దిగింది. కాలి కింద ఒక చెక్క ముక్క పెట్టి, స్టాండు తీసేశాం. మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ బండీ పూజ కాకుండా గేటు దాటదు. యజమాని చైనీయుడు. గేటు పక్కన ఆయన ఎర్రటి దేవుడి గూడు ఆయనకుంది, అక్కడ రోజూ అగరొత్తులూ కమలాపళ్ళూ పెట్టేవాడు. మా పూజకు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు, పైగా అయిందో లేదో కనుక్కుని గానీ బండి అప్పగించేవాడు కాదు. నాకు నాలుగు శ్లోకాలు వచ్చు కాబట్టి పూజారి వేషం నాదే. ఆ వేషం నాకిష్టం కూడా. సేఫ్టీ బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని, కొత్త జాకీ మోటారుకు పసుపు రాసి కుంకుమ పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. టైరుకు ఆని ఉండాలి, బండి కదలగానే నలగాలి. ఆ చోట అడ్డుదిమ్మలు ఉన్నాయి.

తీసేశాను. ఎడమ చక్రం ముందుది బాగా బిగుసుకుంటే సుత్తితో కొట్టి ఊడదీశాను. అన్న అప్పుడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. లారీ వెనక్కి వచ్చి మూతి తగిలించుకుంటే దిమ్మలతో పనేముందనుకున్నాను. తీసినవాటిని తీసినట్టు అక్కడే పడేసినా బాగుండేది. పూజచోటు శుభ్రంగా ఉండాలని వాటిని తుడిచి, గోడ పక్కన అవి రోజూ ఉండే అరలో వరసగా పెట్టి వచ్చాను.

లారీ కంటే ముందు వన్-నార్త్ వాళ్ళు వచ్చారు. మీట ఎలా పనిచేస్తుందో చూపించమన్నారు. నేను మూతి పక్కన గొంతుక్కూర్చుని, ఉత్తకాళ్ళతోనే, జాకీ కాలు చెక్క మీద సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాను. అన్న వచ్చి అవతల నిలబడ్డాడు. ఆయన దిమ్మలు పెట్టాడు, ఉన్నాయనే ఆయన లెక్క. "నొక్కు అన్నా" అన్నాను. నొక్కాడు. మూతి లేచింది, వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా బేలో నేల నీళ్ళు పోవడానికి కాలువ వైపు కాస్త వాలుగా ఉంటుంది. ట్రైలర్ జానెడు కదిలింది. జాకీ కాలు చెక్క మీద నుంచి జారి, మూతి నా ఎడమపాదం మీద పడింది.

నొప్పిలో కూడా నాకు కొన్ని మాటలు వినపడ్డాయి. దిమ్మలు ఎందుకు పెట్టలేదని యజమాని అడుగుతున్నాడు. పెట్టానని అన్న గట్టిగా చెప్పాడు. యజమాని అర వైపు చెయ్యి చూపించాడు. దిమ్మలన్నీ అక్కడ శుభ్రంగా, వరసగా ఉన్నాయి. అన్న వాటిని చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. రోజూ చేసే పనిని చెయ్యి చేసుకుపోతుంది, మనసుకు చెప్పి చెయ్యదు. ఆయనకు పెట్టినట్టు గుర్తుంది, కానీ ఆ గుర్తు ఈ రోజుదో నిన్నటిదో తెలియలేదు. చివరికి, "పెట్టిన్ననే అనుకున్న" అన్నాడు.

ఆ రోజు నోరు విప్పకపోవడాన్ని నొప్పి మీదికి తోసేయవచ్చు. తర్వాత అన్న ఆసుపత్రికి వచ్చిన రోజున నొప్పి లేదు, మందులిచ్చారు. ఆయన మంచం కాళ్ళవైపు నిలబడి, నా కట్టు మీద చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి, "తమ్మీ, నాదే తప్పు. మాఫ్ జెయ్యి" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. నేను, "పోనీలే అన్నా, అయిందేదో అయింది" అన్నాను. పక్క మంచం మీద ఉన్న తమిళ పెద్దాయన నా మంచితనానికి తల ఊపాడు.

ఎందుకలా అన్నానో ఇప్పుడు దాపరికం లేకుండా చెప్పాలి. బేలో ఉత్తకాళ్ళతో ఉన్నందుకే నామీద కోపంగా ఉన్నారు. దిమ్మలు కూడా నేనే తీశానంటే పర్మిట్ రద్దుచేసి విమానం ఎక్కిస్తారని భయం. నన్ను సూపర్‌వైజర్‌ను చేస్తారని అప్పుడే మాట నడుస్తోంది. ఇవి భయాలు. భయం కంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. క్షమించినవాడిగా ఉండటం నాకు బాగుంది. డార్మిటరీలో అందరూ నా గురించి గొప్పగా చెప్పుకున్నారు. నేనది తిన్నాను, అరిగించుకున్నాను.

అన్నను బే నుంచి తీసి స్టోరులో కూర్చోబెట్టారు. బోల్టులు, గ్లవుజులు, రంగు డబ్బాలు ఇచ్చే పని. ఎవరేం అడిగినా ఇస్తూ, "అడ్డుదిమ్మలు తీస్కపోయినవా?" అని అడిగేవాడు. గదిలో తన కింది మంచం నాకిచ్చి పైమంచం ఎక్కాడు. నా బట్టలు ఉతికాడు. నా వంట వంతు కూడా ఆయనే చేశాడు, ఇంగువ వేసి మరీ చేశాడు, ఒక్క మాట అనకుండా. నన్ను ఆటపట్టించడం మానేశాడు. గదికి తాళం వేసి లారీ దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగి చూసుకునేవాడు. కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాను.

ఏళ్ళు గడిచాయి. సూపర్‌వైజర్‌నయ్యాను, భార్యనూ కూతుర్నీ తెచ్చుకుని సెరంగూన్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకున్నాను. ఏడాది చివరి వానల్లో పాదం సలుపుతుంది, కొంచెం కుంటుతాను. అన్న ఆదివారాలు వచ్చేవాడు, పుంటికూర తెచ్చేవాడు. మేము దాన్నే గోంగూర అంటే, పుంటికూర అనాలని మా ఆవిడతో మాత్రం వాదించేవాడు.

ఈమధ్య మా బే చూసుకునే మనిషి పని మానేశాడు. సరిగ్గా అప్పుడే ఆ క్యాంపర్ ట్రైలర్ మళ్ళీ వచ్చింది, మోటారు అరిగిపోయి, కొత్త జాకీ కోసం. యజమాని ముసలివాడయ్యాడు, పాత కోపాలు గుర్తుపెట్టుకోడు. బే బాధ్యత తీసుకొమ్మని అన్నను పిలిచి అడిగాడు. అన్న వద్దన్నాడు. కావాలంటే స్టోరులోనే ఉంటాననీ, లేదంటే ఊరికి పోతాననీ చెప్పాడట. నువ్వు చెబితే వింటాడు, ఒప్పించమని యజమాని నాకు పురమాయించాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర నేను మొదలుపెట్టకముందే మా అమ్మాయి అందుకుంది. ఇక్కడ పెరిగిన పిల్ల, మాట చివర ఇక్కడివాళ్ళలాగే 'లా' తగిలిస్తుంది, దానికి పెద్దల దగ్గర మొహమాటం తక్కువ.

"అంకుల్, ప్రమోషన్ వద్దంటారా? డోంట్ బి షై లా."

"షై కాదు బిడ్డా. మీ నాయన కాలు చూస్తున్నవ్ గద? అది నా చేతి పనే. నేను మళ్ళ బేలకు వోతే ఇంకెవరి కాలో పోతది."

"బట్ యూ సెడ్ సారీ, రైట్?"

"చెప్పిన. మీ నాయన అప్పుడే మాఫ్ జేసిండు. అసుంటి మనిషి దొరకడు."

మా అమ్మాయి నావైపు చూసింది. ఆ చూపులో ఉన్న గౌరవం నేను తినలేకపోయాను. అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆయన్ని రైలు స్టేషన్ దాకా దింపుతానని కిందికి తీసుకొచ్చాను. మా బ్లాకు కింద గోడలు లేని ఖాళీ అంతస్తులో సిమెంటు బల్లలుంటాయి. కూర్చోమన్నాను.

"అన్నా, ఆ రోజు నువ్వు దిమ్మలు పెట్టావు."

"ఊకో తమ్మీ. నాకు ధైర్యం చెప్పనీకి అబద్ధాలాడకు."

అప్పుడు మొత్తం చెప్పాను. నిమ్మకాయలు, తుడిచి అరలో పెట్టడం, ఆసుపత్రిలో నోరు మూసుకోవడం. ఆయన తన చేతులు చూసుకున్నాడు. తర్వాత అడిగింది ఒకటే.

"నేను పెట్టిన్నా?"

"పెట్టావు. ఎడమ చక్రం ముందుది రాకపోతే సుత్తితో కొట్టి తీశాను."

"అవ్. నేను గట్టిగనే దిగ్గొడుత" అన్నాడు, తనలో తాను. ఒక్క క్షణం ఆయన ముఖం తేటపడింది. తర్వాత లేచి నిలబడ్డాడు.

"రోజు లేచి గ్యాస్ బంద్ జేసిన్నా లేదా అని చూసుకుంట. నాకు మతి తప్పిందని ఫోన్ల మా ఇంటామెకు చెప్పుకొని ఏడ్చిన. నీకు తెలిసి గూడ నా చేతి బువ్వ తిన్నవ్ గదరా."

తమ్మీ అనలేదు. క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈడ కాదు. నేను అందరి ముందట ఒప్పుకున్న. నువ్వు గూడ ఆడ్నే చెప్పు."

ఒక్కడే స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు. నేను పైకి వెళ్ళి భార్యకూ కూతురికీ చెప్పాను. మా అమ్మాయి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. అన్న బే బాధ్యత తీసుకున్నాడు. నా సూపర్‌వైజర్ పని పోయింది, నన్ను పంపించెయ్యలేదు, ఆయన కిందే పనిచేస్తున్నాను. పనికి కావలసిన మాటలు మాట్లాడతాడు. ఆదివారాలు రాడు. మా ఆవిడ రెండుసార్లు పిలిచింది, తర్వాత మానేసింది. చెప్పేస్తే మనసు తేలికవుతుందని విన్నాను. నాది కాలేదు, కావాలని కోరుకునే హక్కు కూడా నాకున్నట్టు అనిపించదు. తేలికపడాల్సింది ఆయన.

మా షెడ్డులో రోజూ పని మొదలయ్యే ముందు అందరం హెల్మెట్లు పెట్టుకుని గేటు దగ్గర నిలబడతాం. ఆ రోజు ఏ పనిలో ఏ ప్రమాదం ఉందో ఒకరు చెబుతారు. ఆ ఆదివారానికి మర్నాడు, సోమవారం, చెప్పాల్సింది నేను. తెలుగువాళ్ళు, తమిళులు, బంగ్లాదేశ్ వాళ్ళు, యజమాని, అందరూ ఉన్నారు. అన్న చివర్లో, స్టోరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక బేలో ఆ ట్రైలర్ స్టాండు మీద ఉంది. జరిగింది జరిగినట్టు, అందరికీ అర్థమయ్యే మా షెడ్డు ఇంగ్లీషులో, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. యజమాని తలవంచుకుని విన్నాడు. తర్వాత హెల్మెట్ తీసి, అన్న వైపు తిరిగి, తెలుగులో అన్నాను.

"అన్నా, నువ్వు మరిచిపోలేదు. నువ్వు పెట్టావు, నేను తీశాను. నువ్వు వచ్చి ఏడుస్తుంటే తెలిసీ ఊరుకున్నాను. ఆ తర్వాత కూడా రోజూ ఊరుకున్నాను. తప్పు నాది. నన్ను క్షమించు."