దయ్యం సినిమాలో పెళ్లిచూపులు

మా వదినకు వాళ్ల చిన్నాన్న కొడుకుని నాకు చెయ్యాలని కోరిక. ఇంట్లో కుర్చీలేసి కాఫీలిచ్చే తంతు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఊళ్లో ఎవరికీ తెలియకుండా తిరుపతిలో సినిమాకు పోయి ఒకరినొకరు చూసుకోండి అంది. నచ్చకపోతే అసలు చూపులే జరగనట్టు. సాయంత్రం ఇంటికి రాగానే ఔనో కాదో నాయనకు చెప్పాలి. తొంభైల చివరి మాట ఇది.

అనుకున్న సినిమాకు టికెట్లు దొరకలేదు. పక్క హాలు ఖాళీగా ఉందని వదిన మమ్మల్ని అందులోకి తోలుకుపోయింది. పోస్టర్లో నల్లకోటు తెల్లాయన, కోరల చివర రక్తం. లోపల సగంమంది గుండుకి గంధం పూసుకున్న యాత్రికులు. కొండ దిగి, రైలుకింకా టైముందని నీడపట్టున కూర్చున్నవాళ్లు. వదిన నాకూ అతనికీ మధ్య కూర్చుంది.

శవపేటికలో పడుకుని, చీకటి పడగానే లేచి జనం మెడలు కొరికి రక్తం తాగే దొర కథ అది. ఇంగ్లీషు సినిమాకు తెలుగు మాటలు పెట్టారు. ఆ దొర పౌరాణిక నాటకంలో రాజులా మాట్లాడతాడు. "ఓ సుందరీ, నీ రుధిరమునకై వేచియుంటిని" అంటాడు, అంటూనే పోయి గుమ్మానికి తల కొట్టుకుంటాడు. ఇది భయపెట్టడానికో నవ్వించడానికో హాల్లో ఒక్కరికీ అంతుపట్టలేదు. నేను పక్కవాళ్ల మొహాలు చూస్తూ, ఎందుకైనా మంచిదని ఓణీ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

నవ్వింది అతనొక్కడే. అదీ దొర తల కొట్టుకున్నప్పుడు కాదు. పేటిక మూత కిర్రుమని లేచినప్పుడు, కోరలు బయటపడ్డప్పుడు, అందరూ బిగుసుకుపోయిన చోట పకపకా నవ్వుతాడు. నాకు ఒళ్లు మండింది.

"మీవాడికి ఏమన్నా తిక్కా వదినా?" అని చెవిలో అడిగాను.

"గమ్మునుండు పాపా. సదువుకున్నోడు, ఆయప్పకు అర్థమైతాండాది" అంది వదిన.

దొర నిద్రపోతున్న అమ్మాయి మెడ మీదికి వంగాడు. వెనక వరసలో ఒక ముసలామె తట్టుకోలేక "ఏడుకొండలవాడా, వెంకటరమణా!" అని కేక పెట్టింది. అంతే, గుండ్లన్నీ ఒక్కసారిగా "గోవిందా, గోవింద!" అన్నాయి. ఆ కేక వినబడితే మావైపు బదులు దానంతటదే వచ్చేస్తుంది. అంత కోపంలోనూ నా నోటినుంచి వచ్చింది. సరిగ్గా అప్పుడే తెరమీద దొర తన కోటు కొసను తానే తొక్కి వెల్లకిలా పడ్డాడు. హాలంతా నవ్వుతో ఊగిపోయింది. టికెట్లు చింపేవాడు కూడా తలుపు పట్టుకుని నవ్వాడు. అక్కణ్నుంచి దొర ఏం చేసినా నవ్వే.

అతను మాత్రం నవ్వడం మానేశాడు. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, మెల్లగా గోవిందా అంటూనే ఉన్నాడు. దయ్యం లేస్తే నవ్వుతాడు, దయ్యం పడిపోతే దణ్ణం పెడతాడు. ఇదేం మనిషి? నాయనకు ఏం చెప్పేది?

బయటికొచ్చాక వదిన సోడాలు తెస్తానని కావాలనే పక్కకు పోయింది. ఉండబట్టలేక అడిగేశాను. "అంతగా నవ్వడానికి ఏముంది అందులో?"

అతను అటూ ఇటూ చూశాడు. "నవ్వు కాదు. నాకు దయ్యాలంటే శానా భయం. భయమెక్కువైతే నవ్వొచ్చేస్తాది, ఆపుకోలేను. మా ఇంట్లో ఎవురికీ తెల్దు. అక్కకు చెప్పొద్దు."

ఇంటికొచ్చాక నాయన అడిగితే ఔనన్నాను. ఎందుకన్నానో నాకే అర్థం కాలేదు. దయ్యానికి జడిసే మగవాణ్ని ఎవరైనా కోరి చేసుకుంటారా? పెళ్లిపీటల మీద కూడా అదే ఆలోచన.

నా తొలికాన్పు కష్టమైంది. డాక్టరమ్మ గది బయటికెళ్లి, ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైతే ప్రాణానికే మోసం అని చెప్పింది. తలుపవతల పకపకా నవ్వు.

"ఏం మనిషప్పా! పెండ్లాం ఈడ సస్తా ఉంటే ఆడ నవ్వుతాండాడు" అని ఆయా మండిపడింది. నా పక్కనున్న మా అమ్మ సిగ్గుతో తలొంచుకుంది.

నొప్పుల మధ్యనే ఆయా చెయ్యి పట్టుకున్నాను.

"తిట్టొద్దక్కా. పోయి ఇన్ని నీళ్లిచ్చి ఆయప్పను కూసోబెట్టు. పడిపోతాడు."