గోధుమ దయ్యం ఎక్కిన ఓడ

కొన్నేళ్ళ కిందట నేను ఒక పెద్ద ఓడలో దయ్యం ఉందని ఆ ఓడ వంటశాల దాకా వెళ్ళి ఫిర్యాదు చేశాను. నేను అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన ఉండకూడదు. ఉన్నాయి. ఎందుకున్నాయో చెప్తాను, మీరు నవ్వుకోండి. మా ఇంట్లో ఈ విషయం మీద నవ్వడానికి నాకింకా అనుమతి రాలేదు.

మా ఆవిడ సుజాతకు సీలియాక్ అనే జబ్బు ఉంది. గోధుమలో గ్లూటెన్ అని ఒకటి ఉంటుంది. అది చిటికెడు లోపలికి పోయినా ఆమె పేగులు తిరగబడతాయి. కడుపునొప్పి, వాంతులు, ఆపైన మంచం. దీనికి మందు లేదు, గోధుమ ముట్టకపోవడమే మందు. మా జిల్లాలో అదేమంత కష్టం కాదు. మా సంగటి రాగిది, మా రొట్టె జొన్నది. వాన కోసమే మొహం వాచిన నేల, గోధుమను ఏనాడూ ఇంటికి పిలవలేదు.

సుజాతకు సముద్రమంటే ప్రాణం. ప్రాణమే గాని పరిచయం లేదు. ముప్ఫై ఆరేళ్ళు వచ్చినా ఆమె కాలికి సముద్రం తగల్లేదు. అందుకని చెన్నైలో బయలుదేరి శ్రీలంక చుట్టి వచ్చే ఓడలో అయిదు రోజుల విహారానికి టికెట్లు తీశాను. మూడో రోజు ఒక రేవు, నాలుగో రోజు ఇంకో రేవు. రెండుచోట్లా దిగి నీళ్ళలో నిలబడొచ్చు. ఆమెకు కావలసింది అదొక్కటే. తోడుగా కొత్తచెరువు నుంచి మా అత్త రంగమ్మ కూడా వచ్చింది. అత్తతో పాటు ఒక డబ్బా చెనిక్కాయల పొడి, అంటే వేరుశనగ పొడి, వచ్చింది.

గోధుమ విషయంలో నేను చేసిన జాగ్రత్తలు వింటే మీరు నన్ను మెచ్చుకుంటారు, కాబట్టి ఇప్పుడే వినండి, తర్వాత ఆ అవకాశం రాదు. బిస్కెట్లూ, మాత్రలూ, టూత్ పేస్టూ, అన్నింటి వెనకా ఉన్న చిన్నక్షరాలు చదివాను. ఓడవాళ్ళు పంపిన ఫారంలో 'మీ వెంట తినే పదార్థాలు ఏమైనా తెస్తున్నారా' అని ఉంటే, లేదు అని రాశాను. పొడి తినే పదార్థం కాదు కదా. మా ఇళ్ళల్లో అది ఒక మనిషి లెక్క.

ఓడ ఎక్కగానే పెద్ద వంటాయన్ని పిలిపించాను. పేరు బసవరాజు, ఊరు బళ్ళారి. మా పక్కవాడే అన్న ధైర్యంతో అరగంట ప్రశ్నించాను.

"సుజాతకు కూరలు తరిగే కత్తి వేరేనా?"

"వేరే సార్. కత్తి, పెనం, తరిగే ఊదారంగు పలక, అన్నీ వేరే. ప్లేటు మూతేసి, ఎర్ర చీటీ పెట్టి పంపుతాం."

"ఆ కత్తి బ్రెడ్డును ఎప్పుడైనా చూసిందా?"

"చూడలేదు సార్. కండ్లు మూసి పెట్టినాం."

మధ్యాహ్నం మూత కింద అన్నం, పప్పు, ఉడికించిన బీన్సు వచ్చాయి. సుజాత ఒక ముద్ద తిని, "ఆసుపత్రిలో పెట్టినట్లుండాది" అంది. నేను పొడి డబ్బా తీసి రెండు చెంచాలు వేసి, నూనె పోసి, నా చేత్తోనే కలిపి ఇచ్చాను. ప్రేమ అంటే అట్లా ఉంటుంది.

రెండు గంటల తర్వాత సుజాత పొట్ట పట్టుకుంది.

మా గది వైపు నడిచాం. ఆ ఓడ నడవలో మీరు ఎప్పుడైనా నడిచారో లేదో. ఒక చివర నుంచి ఇంకో చివర కనపడదు. రెండు వైపులా ఒకే రకం తలుపులు. అడుగు వేస్తే చప్పుడు లేదు, తివాచీ మింగేస్తుంది. నేల కింద ఏదో పెద్ద జంతువు నిద్రపోతూ ఊపిరి తీస్తున్నట్టు సన్నగా అదురు. మనిషన్నవాడు లేడు.

అత్త గోడ పట్టుకొని నిలబడింది. "మనూళ్ళో కొళాయి కాడ నాలుగు చుక్కలు కారితే ఊరంతా చేరతాది. ఈడ ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క మనిషి లేడే. నాకు బాగనిపిస్తా లేదు అల్లుడా."

తాళం తీసి లోపలికి పోయాం. మంచం మీద, సుజాత తలగడ ముందు, తెల్లటి కొంగ ఒకటి మెడ వంచి కూర్చొని ఉంది. గుడ్డతో చేసిన కొంగ.

"ఎవురు చేసినారు దీన్ని?" అంది అత్త.

"తెలీదత్తా."

"వాకిలికి బీగమేసి పోయినాం కదా."

"వేసే పోయినాం."

అత్త గొంతు తగ్గించింది. "గుడ్డతో బొమ్మ చేసి, మనిషి పండుకునే తావున పెడితే ఏమంటారో తెలుసు కదా? నువ్వు సదువుకున్నోడివి, నేను నోరు తెరిచి చెప్పకూడదు."

నేను నవ్వాను. ఫిజిక్సు చెప్పేవాడు నవ్వాల్సిన నవ్వే నవ్వాను. నవ్వుతూనే కొంగను రెండు వేళ్ళతో పట్టి బీరువాలో పెట్టి తలుపు మూశాను. ఎందుకు మూశావని మీరు అడగకండి.

రెండో రోజు పొద్దున ఇడ్లీ. బియ్యం, మినప్పప్పు తప్ప అందులో ఏమీ లేదని బసవరాజు స్వయంగా వచ్చి చెప్పాడు. పొడి, నూనె మామూలే. గదికి తిరిగి వచ్చేసరికి ఏనుగు. నల్లటి గుండ్రటి కళ్ళు అతికించి ఉన్నాయి. ఆ కళ్ళు వాకిలి వైపు కాదు, కిటికీ వైపు కాదు, సుజాత పడుకునే వైపే చూస్తున్నాయి. గంటలోపే సుజాతకు వాంతులు మొదలయ్యాయి.

నేను శాస్త్రీయంగా ఆలోచించాను. వంటశాలలో ఎక్కడో గోధుమ కలుస్తోంది. కాబట్టి ఓడవాళ్ళ పప్పు వద్దు, కూర వద్దు, ఇడ్లీ వద్దు. ఒట్టి అన్నం, దాంట్లోకి మన పొడి. పాపం నీరసంగా ఉందని రెండు చెంచాలను నాలుగు చేశాను.

"కారంగా ఉంటుందా?" అన్నాను.

"బాగుండాది. మనిల్లు గుర్తొస్తాంది" అంది సుజాత, కళ్ళలో నీళ్ళతో. ఆ నీళ్ళు దేనివో అప్పుడు నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం ఆమెను ఓడలోని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, వెనక్కి తెచ్చి, తలుపు తీశాను. గది మధ్యలో, పైకప్పుకున్న కొక్కెం నుంచి, ఒక కోతి వేలాడుతోంది. ఓడతో పాటు మెల్లగా ఊగుతోంది. దాని కళ్ళకు సుజాత చదువుకునే కళ్ళజోడు ఉంది.

ముగ్గురం గడప దగ్గరే నిలబడిపోయాం. నేను వెనక్కి తిరిగి నడవలోకి చూశాను. ఎవరూ లేరు. దూరంగా, ఆ చివర, దుప్పట్లు పెట్టే బండి ఒకటి మాత్రం తోసేవాళ్ళు లేకుండానే కొంచెం ముందుకు జరిగింది, ఆగింది, కొంచెం వెనక్కి వచ్చింది.

"నా అద్దాలు పెట్టుకోని నన్నే చూస్తాందే" అంది సుజాత నెమ్మదిగా.

"చెప్తే ఇనవు కదప్పా" అంది అత్త నాతో. "బిడ్డ మీద ఎవురో కన్నేసినారు. దిష్టి తీయల్ల. ఉప్పు, ఎండుమిరపకాయలు తే."

నేను తెచ్చాను. ఓడ పొడవునా భోజనాల హాలుకు నడిచి, ఎవరూ చూడకుండా ఆరు ఉప్పు పొట్లాలు జేబులో వేసుకున్నాను. ఎండుమిరపకాయలు దొరకలేదు, మిరియాల పొట్లాలు తెచ్చాను. అత్త మూడుసార్లు తిప్పింది. నిప్పులో వేయాలి. ఓడలో నిప్పు నిషేధం. "నీళ్ళల్లో ఎయ్యి" అంది అత్త. కిటికీ తెరుచుకోదు. మిగిలిన నీళ్ళు ఒకేచోట ఉన్నాయి, మరుగుదొడ్డిలో. వేసి మీట నొక్కాను.

ఓడల్లో మరుగుదొడ్లు గాలితో పీలుస్తాయని నాకు తెలుసు, ఆ సూత్రం నేను పాఠం కూడా చెప్పగలను. కానీ అది ఒక్క క్షణం ఊపిరి బిగపట్టి, తర్వాత పెద్ద గొంతుతో గర్జించి, ఉప్పూ మిరియాలూ ఒకేసారి మింగేసింది. నేను గోడకు అంటుకుపోయాను. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో దిష్టి తీస్తున్నారు, ఇంత స్పష్టంగా జవాబు రావడం అదే మొదటిసారి.

"ఇనింది" అంది అత్త తృప్తిగా.

ఆ సంతోషంలో రాత్రి భోజనంలోకి అయిదు చెంచాలు వేశాను.

మూడో రోజు పొద్దున ఓడ రేవులో ఆగింది. జనం టోపీలు పెట్టుకొని దిగిపోతున్నారు. డాక్టరు వచ్చి సుజాత నాడి చూసి తల ఊపాడు. ఈమె దిగడానికి లేదు. రేపటికీ ఇట్లాగే ఉంటే రెండో రేవులో అంబులెన్సు పిలిచి ఆసుపత్రిలో చేరుస్తాం, ఓడ మీకోసం ఆగదు అన్నాడు.

సుజాత కిటికీ వైపు తిరిగి పడుకుంది. కొంతసేపటికి, "ఏడంతస్తుల కింద ఉండాదప్పా సముద్రం" అంది. "ఇంత దూరం నుంచి చూడనీకైతే ఇంట్లో టీవీ ఉండె కదా."

ఆ మాటతో నాలోని ఫిజిక్సు పూర్తిగా పోయింది. సంచిలో కోతిని పెట్టుకొని వంటశాలకు దిగాను.

బసవరాజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను కోతిని బల్ల మీద పెట్టాను.

"మీ ఓడలో ఏదో ఉంది" అన్నాను.

"ఏముంది సార్?"

"మనిషి కాదు. మూసిన గదిలోకి వస్తుంది. బొమ్మ పెట్టి పోతుంది. బొమ్మ వచ్చిన ప్రతిసారీ మా ఆవిడకు జబ్బు పెరుగుతుంది."

ఆయన కోతి చెయ్యి పట్టుకొని ఒక్క విదిలింపు విదిలించాడు. కోతి పోయి తువ్వాలు అయింది.

"టవలు సార్. గదులు ఊడ్చే ఆమె చేస్తాది. మీరు లేనప్పుడు వచ్చి పోతాది. పిల్లోళ్ళు సంబరపడతారని." తువ్వాలు మడతపెట్టి నాకు తిరిగి ఇచ్చాడు. "అది ఇడిసిపెట్టండి. అమ్మ నిన్నట్నుంచి ఏం తింటాండారు? నేను పంపిన కూరలు అట్లే తిరిగొస్తాండాయి."

"అన్నం. అన్నంలో పొడి."

"ఎవురి పొడి?"

"మా పొడి."

బసవరాజు నా ముందు నడిచాడు. గదికి వచ్చి, డబ్బా మూత తీసి, వాసన చూశాడు.

"ఇంగువ ఏసినారా అమ్మా?"

"మామూలుగా మేం ఎయ్యం. తెల్లగడ్డలే" అంది అత్త. "నీళ్ళ మీద పోతే కడుపు ఉబ్బుతాదని, ఈతూరి దండిగా ఏసినా. మిగిలింది సంచిలో ఉండాది."

ఆయన ఆ ఇంగువ డబ్బాను వెలుతురుకు తిప్పి, వెనకవైపు వేలు పెట్టి నాకు చూపించాడు. ఇంగువను ఒట్టిగా అమ్మరట, ఏదో ఒక పిండి కలిపే అమ్ముతారట. దీంట్లో కలిపింది గోధుమపిండి. చిన్నక్షరాలే గాని చదవలేనంత చిన్నవి కావు.

ఎవరూ నన్ను చూడటం లేదు, అది ఇంకా భయంగా ఉంది.

"ఆ ఇంగువ ఎవురు కొన్నారమ్మా?" అంది సుజాత, తెలిసి కూడా.

"అల్లుడే. కొట్లో నిలబడి, మంచిది చూసి ఇయ్యమని అడిగి మరీ తెచ్చినాడు."

"ఏమప్పా, టూత్ పేస్టు వెనక కూడా చదివినావు."

"చదివినా."

"ఇది చదవలేదా?"

"ఇది కడుపుకు మందు కదా అనుకున్నా."

అత్తకు మాత్రం ఇంకా ఏదో మిగిలిపోయినట్టుంది. "అయితే మనకు ఎవురూ ఏం చేయలేదా?" అంది, కొంచెం నిరాశగా.

"చేసినారులేమ్మా" అంది సుజాత. "బయటోళ్ళు కాదు, అంతే."

ఆ రోజంతా బసవరాజు పంపిన గంజి, మజ్జిగ. నేను చెంచా పట్టుకోబోతే అత్త లాక్కుంది. నాలుగో రోజు పొద్దునకు సుజాత లేచి కూర్చుంది. డాక్టరు మళ్ళీ వచ్చి, ఒక్క గంట, ఎండ తగలకుండా, అన్నాడు. నేను చెప్పులు తొడుక్కున్నాను.

"నువ్వు రావద్దు" అంది సుజాత.

"ఎందుకు?"

"పక్కనుంటే ఏదో ఒకటి తినిపిస్తావు."

అమ్మా కూతుళ్ళు దిగిపోయారు. నేను పై అంతస్తులో కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. అంత ఎత్తు నుంచి ఒడ్డు ఒక గీత, మనుషులు చుక్కలు. రెండు చుక్కలు మెల్లగా ఆ గీత దాకా వచ్చాయి. ఒకటి ఆగింది. ఇంకొకటి కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకున్నట్టుంది, నీళ్ళలోకి నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. అలల చప్పుడు నా దాకా రాలేదు. చాలాసేపు ఆ చుక్క కదల్లేదు. ఒకసారి ఓడ వైపు తిరిగినట్టనిపించి చెయ్యి ఊపాను. అటునుంచి ఏమీ రాలేదు.

ఆకలేసి భోజనాల హాలుకు వెళ్ళాను. జనమంతా ఊళ్ళోకి పోయారు. వంద ఖాళీ కుర్చీలు ఓడతో పాటు ఒకే పక్కకు వంగి, ఒకే పక్కకు లేస్తున్నాయి. పదార్థాల వరస చివర ఒక కొత్త గిన్నె ఉంది. అత్త చెప్పిన కొలతలతో, ఆ ఇంగువతో సహా, బసవరాజు చేయించాడు. ముందు ఒక అట్ట నిలబెట్టి ఉంది, 'అనంతపురం వేరుశనగ పొడి. ఇందులో గోధుమ ఉంది' అని. మా కుటుంబం గురించి అంత నిజాయతీగా రాసిన కాగితం నేను అంతకుముందు చూడలేదు.

వెనక ఎవరో ఉన్నట్టు మెడ మీద తెలిసింది. వడ్డించే మనిషి, ఎప్పుడొచ్చాడో.

"చాలా బాగుంటుంది సార్, కొత్త రకం" అన్నాడు ఇంగ్లీషులో. "వేసేముందు అడగాలి. మీకు గాని, మీ ఇంట్లో వాళ్ళకు గాని గోధుమ పడకపోవడం ఉందా?"

"మా ఆవిడకు పడదు" అన్నాను.

"అయితే ఆమెకు పెట్టకండి సార్" అన్నాడు.

అంతే. మూడు రోజులు, ఒక డాక్టరు, ఆరు ఉప్పు పొట్లాలు అయ్యాక తేలిన సంగతిని ఆయన ఒక్క ప్రశ్నలో ముగించి, ఎట్లా వచ్చాడో అట్లాగే చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు.

ఆ ఊగే కుర్చీల సాక్షిగా నేను లేచి నిలబడి ప్రమాణం చేశాను. ఇకమీదట మా ఇంట్లో ఎవరికి ఏ గాలి సోకినా, ముందు నా సంచి వెతుకుతాను, తర్వాత నా జేబులు వెతుకుతాను, ఆ తర్వాతే తలెత్తి పైకి చూస్తాను. నోట్లోకి పోయే ప్రతి వస్తువునూ తిప్పి వెనక చదువుతాను. మా అత్త చేతి వంటకు మాత్రం వెనక చిన్నక్షరాలు ఉండవు కాబట్టి, ఏమేం వేసిందో ఆమెనే ఎదురుగా నిలబడి అడుగుతాను. దయ్యాన్ని అడగడం కన్నా అది కష్టమని నాకు తెలుసు.