మ్యాపులో పచ్చటి పార్కు

ప్లాటు కొంటానన్న మా బావమరిదికి తోడుగా ఈ రోజు పంజాగుట్టలో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసుకు వెళ్లాను. వెంచరు సిటీ అవతల, నేను చదువుకున్న ఊళ్లోనే. ఆ సంగతి ఏజెంటుకు చెప్పలేదు. గోడ మీది మ్యాపులో ఇంకా కట్టని మాల్, ఆసుపత్రి, మెట్రో స్టేషన్ అన్నీ మెరిసిపోతున్నాయి. మా బడి వెనకాల మాత్రం పచ్చటి పార్కు కనిపించింది.

"తమ్మీ, గీడ శ్మశానం ఉండాలె గద?" అని అడిగాను.

ఏజెంటు తడుముకోలేదు. "గది గ్రీన్ జోన్ అన్నా. మస్తు ప్రశాంతంగుంటది."

"అవును, మా తాత గాడనే పండుకున్నడు."

బావమరిది సంతకానికి తీసిన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

ఇంటికొచ్చాక నాకే అనుమానం పట్టుకుంది. అమీర్‌పేటలో మా అపార్టుమెంటు ముందూ ఒక పార్కుంది. అక్కడ ఒకప్పుడు ఏముండేదో పాతవాళ్లెవరైనా చెప్పండి. ఇన్‌బాక్సులోనే చెప్పండి, కామెంట్లు మా ఆవిడ చదువుతుంది.