చిన్నమ్మ తీసిన చీటీ

మా చిన్నమ్మ పోయిన బుధవారం చనిపోయింది. సల్వాలో మేమిద్దరం పనిచేసే అరబ్బుల ఇంట్లో, ఇస్త్రీ బట్టలు పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కుతూ మెట్ల మీదే కూలిపోయింది. కింద నుంచి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, 'యల్లా, యల్లా' అని తొందరపెడుతూ పిలుస్తూనే ఉంది. శుక్రవారాలు ఆమె పులుసన్నం తిన్నవాళ్లు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. దేవుడే ఉండమన్నాడు, దేవుడే తీసుకుపోయాడని ఫోన్లు చేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

వంట ఆమెది, ఆ ఇంటి పిల్లల చదువు నాది. ఇంగ్లీషు లిటరేచర్ చదివిన దాన్నని, కొత్తిమీర తుంచుతూ నా చేత కథలు చెప్పించుకునేది. ఒకసారి పాత గ్రీకుల యుద్ధకావ్యాల సంగతి చెప్పాను. ఆ దేవుళ్లు ఒకడి ఈటెను పక్కకు తప్పిస్తారు, ఇంకొకడి గుండెలో కోపం పోస్తారు. మనుషుల వేషంలో వచ్చి చెవిలో మాట చెప్పిపోతారు. తప్పు చేసినవాడు తర్వాత, నా బుద్ధి చెడగొట్టింది దేవుడే అంటాడు.

"దేవుడు తోసినాడనే అనుకో మే. ఈటె పట్టుకున్న చెయ్యి ఎవురిది?" అంది చిన్నమ్మ.

"నువ్వు మాత్రం అన్నిటికీ చీటీలు వెయ్యవా?"

"నేను అడిగి చేస్తా. వాళ్లు చేసినాక దేవున్ని సాక్షికి పిలుస్తాండారు."

అలమర తలుపు లోపల అంటించుకున్న దేవుడి పటం ముందు రెండు చీటీలు వేసి ఒకటి తీసేది. రెండోది విప్పకుండా పారెయ్యాలి. విప్పితే దేవుణ్ణి అనుమానించినట్టు. చదువు రాదు కనుక రాసేదీ చదివేదీ నేనే.

మొన్న ఎండాకాలం ఛాతీలో నొప్పి ఎక్కువైంది. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా గడువు దగ్గరపడింది. ఊరికి పోవాలో వద్దో తేల్చుకోవడానికి, ఒకదాంట్లో 'పో', ఒకదాంట్లో 'ఉండు' అని రాయమంది. ఆమె పోతే వంటిల్లు నా నెత్తిన పడుతుంది. రెండింట్లోనూ 'ఉండు' అనే రాశాను.

తీసింది. చదివి వినిపించాను.

"ఖలాస్," అని లేచి, బియ్యం కడగడానికి పోయింది.

వారం తర్వాత కాబోలు, ఉన్నట్టుండి అడిగింది. "ఆ దేవుళ్లు మనుషుల మాదిరి వస్తారంటివే. గుర్తుపట్టినోళ్లు ఏం చేస్తారు?"

"ఏం చేస్తారు, దేవుడు చెప్పినట్టు చేస్తారు."

"అంతేలే," అంది. అప్పటి నుంచి నేను గిన్నె ముట్టుకున్నా, "కూచో మే, నేను చేస్తా" అనేది.

పోయిన బుధవారం ఆమెను తీసుకెళ్లిన సాయంత్రమే మామా నన్ను వంటింట్లోకి పంపింది.

నిన్న ఆమె పెట్టె సర్దుతూ పటం ఊడదీశాను. వెనక రెండు చీటీలు. విప్పి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి, పిన్నీసుతో గుచ్చి ఉన్నాయి. రెండింటిలోనూ నా అక్షరాల కింద పసుపు మరక. వేలు పెట్టి ఒక్కో గీతా పోల్చి చూసుకున్నట్టుంది.