క్రషింగ్ సీజన్ తలనొప్పి

నాలుగో కాన్పు అయితే మా అక్క ప్రాణం దక్కదని నిజామాబాద్ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మూడో కాన్పుకే నెత్తురు ఆగక చావు దాకా పోయి వచ్చింది. ముగ్గురూ ఆడపిల్లలే. ఆపరేషన్ మాటెత్తితే బావ మండిపడేవాడు, అత్తకేమో మనుమడు కావాలి. ఆ ఇంట్లో అక్క గోడు పట్టినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే నేను నిజామాబాద్‌లో టీచరు ట్రైనింగ్ చదువుతూ, కడుపు రాకుండా డాక్టరమ్మ ఇచ్చిన గోళీలను పసుపు పొట్లంలో దాచి నెలనెలా అక్క ఉండే బోధన్‌కు తీసుకుపోయేదాన్ని. డెబ్బైల మొదట్లో మాట ఇది.

డాక్టరమ్మ నాకు ఒకటి గట్టిగా చెప్పింది. "తలకాయ ఒక్క దిక్కే నొచ్చినా, కండ్ల ముందు మెరుపులొచ్చినా గోళీలు బంద్ పెట్టి తోలుకరా. కొందరికి వీటితోని రక్తం గడ్డకడ్తది. మెదడుకు పోయే నరంల అడ్డం పడ్తది."

నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్లు లేరు.

గోళీలు మొదలుపెట్టిన మూడో నెలలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడించే క్రషింగ్ మొదలైంది. ఆ రోజుల్లో అక్కావాళ్లుండే ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఆడవాళ్లందరికీ తలనొప్పే. చెరకు రసం మడ్డి, ఆ పులిసిన మొలాసిస్ వాసన బట్టల్లోనూ అన్నంలోనూ కూడా ఉండేది. ఇంటింటా శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని, సీజన్ అయిపోయేదాకా ఇంతే అనుకునేవాళ్లు. బస్సు దిగేసరికి నా తల కూడా దిమ్ముగానే ఉంది. అక్క ఎడమ కణత నొక్కుకుంటూ కూచుంది.

"చెల్లె, గీ పక్కనే సుత్తెతోని కొట్టినట్టయితుందే. పొద్దుగాల కండ్ల ముంగట ఏందో జిగేల్ జిగేల్‌మంది."

"వాసనకేనక్కా. నాకు గూడ నొస్తుంది," అన్నాను.

డాక్టరమ్మ మాట గుర్తు రాక కాదు, వచ్చింది. గోళీలు ఆపితే కడుపొస్తుంది, కడుపొస్తే అక్క పోతుంది. ఆ భయానికి మొలాసిస్ వాసన మంచి సాకు దొరికింది. ఆ నెల పొట్లం అక్క చేతిలో పెట్టి బస్సెక్కాను. ఇన్నేళ్లయినా నన్ను నేను క్షమించుకోలేదు, క్షమించుకోను కూడా.

నాలుగు రోజులకు కబురొచ్చింది. బియ్యం చెరుగుతుంటే చాట జారిపోయిందట, మళ్లీ పట్టుకుందామంటే కుడిచెయ్యి లేవలేదట. నోరు ఒక పక్కకు పోయింది. గాలి సోకిందని అత్త ఒక రోజంతా పావురం నెత్తురు రాయించి, ఆ తర్వాత గానీ నిజామాబాద్ పంపలేదు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "తలనొప్పి రాలేదా ముందు?"

"వచ్చింది."

నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! గోళీలు ఇక ఎన్నటికీ వాడొద్దని చీటీ మీద రాసిచ్చింది.

అక్క కాలు ఈడుస్తూ నడవడం నేర్చుకుంది. మాట మాత్రం తిరిగి రాలేదు, "ఆ" అనడం ఒక్కటే మిగిలింది. నేను బావ కాళ్ల మీద పడ్డాను. అక్కకు చేయించకపోతే నువ్వన్నా ఆపరేషన్ చేయించుకో అని ఏడ్చాను.

"నాకు ఇజ్జత్ లేదనుకుంటున్నవా?" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు అక్క గోడ పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడింది. ఎడమచేత్తో నా చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది. నా ముఖంలోకే చూస్తోంది. ఏం చెయ్యాలో చెప్పమని అడుగుతున్న చూపు అది.

వంటింట్లో అత్త, ఈసారి మనుమడేనని పక్కింటామెతో నవ్వుతూ చెబుతోంది.